ఆడికి ముందు కట్టిన ఫీజు

నేను స్వతహాగా కంగారు మనిషిని. గుడియాత్తంలో మా ఇంటికి తాళం వేసి, వీధి మలుపు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. అలాంటిదాన్ని పట్టుకెళ్ళి ఒక బూట్ల ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్‌గా కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు మా తమ్ముడి కూతురు వేలూరులో అదే పనిలో చేరబోతోంది. "అత్తా, నువ్వు ఆడ ఏం చేస్తా ఉంటివి?" అని అడిగింది.

క్యాంటీన్‌లో సాంబారు నీళ్ళలా ఉందన్న గొడవలు, పసిపిల్లల గదిలో ఉయ్యాల తాళ్ళు, వ్యాను ఆలస్యమైందన్న పంచాయితీలు. అవన్నీ ఎవరైనా నేర్చుకోగలరు. నా ప్రాణం తీసిన పని మాత్రం ఒక్కటే: చదువుకునే కార్మికులకు కంపెనీ ఫీజు తిరిగి ఇచ్చే పథకం. అందుకని దాని గురించే రాస్తున్నాను. తమిళనాడులో మా వైపు చాలామందిలాగే ఆ పిల్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తనకు నేనే చదివి వినిపిస్తాను. చదవడం వచ్చినవాళ్ళు మీరే చదువుకోండి.

ముందు మీరు కట్టండి

పథకం చెవికి ఇంపుగానే ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం కాలేజీకి వెళ్ళు, ఏడాది పాసైతే ఆ ఏడాది ఫీజు మొత్తం కంపెనీ తిరిగి ఇస్తుంది. నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో అంటించేవాళ్ళం. విదేశాల నుంచి కొనుగోలుదారులు వస్తే సరిగ్గా ఆ బోర్డు ముందే వాళ్ళను నిలబెట్టి ఫోటో తీసేవాళ్ళు.

చిన్న అక్షరాల్లో ఉన్నవి ఎవరూ ఫోటో తీయలేదు. ఫీజు ముందు నువ్వే కట్టుకోవాలి. కట్టడానికి ముందే కంపెనీ నుంచి అనుమతి ఉత్తరం వచ్చి ఉండాలి. ఒక్క పేపరు కూడా పోకూడదు. డబ్బు తీసుకున్నాక కొంతకాలం ఉద్యోగం మానకూడదు, మానితే తిరిగి కట్టాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ముందు కట్టుకోగలిగినవాడికి తర్వాత చేసే సాయం ఇది. చేతిలో ఏమీ లేనివాడికి ఏడాది పొడుగునా గుండెదడ. అయినా ఖర్చు తగ్గించాలని దీన్ని ఎత్తేయబోయినప్పుడల్లా నేనే అడ్డం పడ్డాను. ఇది కూడా లేకపోతే కుట్టు మిషను ముందు కూర్చున్న పిల్ల జీవితమంతా ఆ స్టూలు మీదే కూర్చోవాలి.

ఎవరైనా వచ్చి "మేడం, చదువుకోవాలని ఉండాది" అంటే నేను కంపెనీ సంగతి చివర్లో ఎత్తేదాన్ని. మొదట కాలేజీ ఆఫీసుకు పంపేదాన్ని. ఫీజు వాయిదాల్లో తీసుకుంటారా అని అడగమనేదాన్ని. తీసుకునే కాలేజీలు ఉన్నాయి, అడిగినవాళ్ళకే ఆ సంగతి చెబుతాయి. తర్వాత ప్రభుత్వ రాయితీలు. ఇంట్లో మొదటిసారి డిగ్రీకి వెళ్ళేవాళ్ళకని, ఆదాయాన్ని బట్టి అని ఏవేవో ఉంటాయి. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకు అవి తేలిగ్గా అందవు, అయినా అడగకుండా వదలకూడదు. ఆ తర్వాత బజారులోని వర్తక సంఘాలు, ట్రస్టులు. వాళ్ళు ఫీజు కడతారు గానీ వేదిక ఎక్కించి, చెక్కు చేతిలో పెట్టి, అందరి ముందూ నిలబెడతారు. కొందరికి అది నామోషీ. బ్యాంకు రుణం అన్నిటికంటే చివర.

ఇంకో మాట. ఎవరి దగ్గర ఏం తీసుకున్నా మిగతావాళ్ళకు చెప్పి తీరాలి. ఒడుగత్తూరు నుంచి వచ్చే దండపాణి అనే మెకానిక్ ఒక ట్రస్టు దగ్గర సగం ఫీజు తీసుకుని, కంపెనీ దగ్గర మొత్తం అడిగాడు. దొంగబుద్ధి కాదు, రెండూ వేరువేరు అనుకున్నాడు. తర్వాత ఆ సగం జీతంలో కోసేశారు. తప్పు నాదేనన్నట్టు నాతో కొన్ని నెలలు మాటలు మానేశాడు. మీరు అతని బాధ పడకండి, మొదటి రోజే నోరు తెరిచి అడగండి.

సుగుణ

సుగుణ అణైకట్ దగ్గరి పల్లెటూరి అమ్మాయి. కుట్టు విభాగంలో తనలాంటివాళ్ళు వందలమంది ఉన్నా, మిషను ఎందుకు ఆగుతోంది, దారం ఎందుకు వదులవుతోంది అని అడిగేది తనొక్కతే. మెకానిక్ వచ్చేదాకా ఆగకుండా మూత విప్పి చూసి తిట్లు తిన్న పిల్ల. తొరపాడి దారిలో ఉన్న ఒక కాలేజీలో సాయంత్రం డిప్లొమా ఉందని తెలిసి నా దగ్గరికి వచ్చింది. ఆ కోర్సుకు వాయిదాలు లేవన్నారు. మిగతా దారులన్నీ వెతికాం, ఏదీ కుదరలేదు. ఇక మిగిలింది కంపెనీ పథకమే.

వాళ్ళ నాయన మునస్వామి నాయుడు. కాస్త వేరుశనగ, కాస్త అరటి, రెండు జెర్సీ ఆవులు. కూతురి ఫీజు కోసం పాలిచ్చే ఆవును అమ్మేశాడు. కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వగానే ఇంకో ఆవును కొనుక్కోవాలని ఆయన లెక్క.

మామూలుగా అయితే మేము దరఖాస్తులు ఎండాకాలంలోనే తీసుకుని, కాలేజీలు తెరవక ముందే అనుమతి ఉత్తరాలు తెప్పించేవాళ్ళం. ఆ ఏడు ఎగుమతి ఆర్డర్ల హడావుడిలో మా మేనేజర్ దామోదరన్ ఫైలు పక్కన పెట్టేశారు. నేను రోజూ వెళ్ళి నిలబడేదాన్ని. ఆయన రోజూ "పాక్కలాం" అనేవారు. చూద్దాం అని దాని అర్థం. మీ ఉద్యోగంలో మీకు కాదనేవాళ్ళు తగిలితే భయపడకండి, కాదన్నప్పుడు ఇంకో తలుపు తట్టుకోవచ్చు. పాక్కలాం అనేవాళ్ళు తగిలితేనే మీ రక్తపోటు చూపించుకోండి. చివరికి ఫైలు చెన్నైలో ఉండే ముదలాళికి, అంటే మా యజమానికి వెళ్ళింది.

ఈలోగా ఆడి నెల వచ్చింది. ఆంధ్రలో ఆషాఢం అంటారు, రోజులు కాస్త అటూ ఇటూ. మేము ఇక్కడ శతాబ్దాలుగా తమిళ నెలలే లెక్కపెడతాం. ఆడిలో మావాళ్ళు కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. మధ్యలో పద్దెనిమిదో తేదీ ఒక్కటే మంచిది. కాలేజీ గడువు దానికి ముందే అయిపోతుంది.

ఆడి మొదటి రోజు పొద్దున సుగుణ వ్యాను దిగి నేరుగా నా గదికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"మేడం, ఫీజు కట్టేసినాం! నిన్న మా నాయనే పొయ్యి కట్టేసి వచ్చినాడు. ఈ పొద్దు ఆడి పుట్టింది గదా, అందుకని నిన్ననే."

నేను కుర్చీలోంచి లేచాను. "ఉత్తరం రాలేదు గదమ్మా! ఉత్తరం వచ్చినాకనే కట్టల్లని నీకు ఎన్నితూర్లు చెప్పినాను?"

"నేను చెప్పినాను మేడం. నాయన వినలేదు."

ఆయనకు ఫోన్ చేశాను. గొంతులో గర్వం తప్ప ఇంకేమీ లేదు. "అమ్మా, ఆడి తళ్ళుబడిలో గుడ్డలు చౌకగా ఇస్తాండారని కొంటాం. కొని మడిచి పెడతాం, ఆవణిలో కట్టుకుంటాం. అట్లాంటిది ఆడపిల్ల చదువు ఆడిలో మొదలుపెట్టేదానికి మనసొస్తాదా? చెప్పు."

మా అమ్మ ఉంటే ఆవిడా అదే చేసేది. కాలేజీకి ఫోన్ చేసి, రద్దు చేసి మళ్ళీ కట్టించుకుంటారా అని అడిగాను. సీటు పోతుంది, మళ్ళీ ఇస్తామని మాట ఇవ్వలేమన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు. దామోదరన్ దగ్గరికి పరుగెత్తాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తల ఎత్తకుండా, "పాసవనీ. అప్పుడు పాక్కలాం" అన్నారు.

అనుమతి ఉత్తరం ఆడి వెళ్ళాక, ఆవణి నెల మొదటి వారంలో వచ్చింది.

ఆ ఏడాది

పొద్దంతా షిఫ్టు, సాయంత్రం కాలేజీ, రాత్రికి అణైకట్ బస్సు. సుగుణ మెడ సన్నబడింది. భోజనాల వేళ నా పక్కనే కూర్చుని ఒకే ప్రశ్న వేసేది.

"ఒక్క పేపరు పోతే మొత్తం పోతాదా మేడం?"

"పోతాది. పోకుండా చూసుకో."

"అన్నీ పాసయినా, ఆ తేదీ తప్పని ఈకుండా పోతారా?"

"నాకేం తెలుసమ్మా? తిను ముందు!" అని కసిరేదాన్ని. కోపం తన మీద కాదు, నా దగ్గర సమాధానం లేకపోవడం మీద. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. కార్మికులు మిమ్మల్ని కంపెనీ అనుకుంటారు. కంపెనీ మిమ్మల్ని కార్మికుల మనిషి అనుకుంటుంది. మీ చేతిలో సంతకం ఉండదు.

అకౌంట్స్‌లో ఒకాయన నాకు ఉపాయం చెప్పాడు. రసీదు పోయిందని రాసిచ్చి, కాలేజీలో ఎవరినైనా పట్టుకుని ఆవణి తేదీతో ఇంకోటి రాయించుకోమన్నాడు. సాయం చేయాలనే చెప్పాడు. నేను సుగుణను పిలిచి, అలాంటి మాట ఎవరు చెప్పినా వినొద్దని గట్టిగా చెప్పాను. ఒక్క దొంగ రసీదు బయటపడితే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది, పథకం మూసేస్తారు, ఇంకెవరూ చదవరు. అలా చెప్పానే గానీ, ఆ వారమంతా నేనే ఆ ఉపాయాన్ని తిప్పి తిప్పి ఆలోచించాను. మంచి మాట చెప్పి ఆ పిల్లను నిలువునా ముంచుతున్నానేమోనని భయం వేసింది.

సుగుణ పాసైంది. అన్ని పేపర్లూ. మార్కుల కాగితం, రసీదు జతచేసి పంపాను. అనుకున్నట్టే అకౌంట్స్ నుంచి తిరిగి వచ్చింది: అనుమతికి ముందే కట్టిన ఫీజు, చెల్లదు.

అప్పటికి మళ్ళీ ఆడి వచ్చేసింది. రెండో ఏడాది ఫీజుకు గడువు ఆ శుక్రవారం. సాయంత్రం మునస్వామి నాయుడు ఫోన్ చేశాడు. ఈసారి గర్వం లేదు.

"అమ్మా, ఇంకో ఆవు ఉండాది గాని అది ఒట్టిపోయింది. దాన్ని ఎవురూ కొనరు. పిల్లను నిలిపేద్దామా? నువ్వు చెప్పు, నువ్వు చెప్పినట్ల చేస్తాను."

మర్నాడు ఫ్యాక్టరీకి రమ్మన్నాను.

మేనేజర్ గదిలో

మర్నాడు నాయుడు వచ్చాడు. తెల్లపంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఒక సీప అరటిపళ్ళు. వద్దన్నా వినకుండా ఆ పళ్ళను దామోదరన్ బల్ల మీద పెట్టాడు. సుగుణ తలుపు దగ్గరే నిలబడిపోయింది. మాట్లాడుకున్నది తమిళంలోనే, నేను మా తెలుగులో రాస్తున్నాను.

దామోదరన్ చెడ్డమనిషి కాదు, అది కూడా చెప్పాలి. రూలు దాటితే చెన్నైలో తన తల పోతుందని ఆయన భయం. నేను కంగారు బయటికి కక్కేదాన్ని, ఆయన మింగేవారు. అంతే తేడా. ఆయన రసీదు తేదీ మీద వేలు పెట్టి, అనుమతి తేదీ మీద వేలు పెట్టి చూపించారు.

"చూడప్పా. నువ్వు కట్టింది ముందు. అనుమతి వచ్చింది ఆవణిలో. నేనేం చేసేది?"

"ఆవణి దాకా ఎందుకు సార్ లేటయింది?" అని అడిగాడు నాయుడు. నిలదీసి అడగలేదు, తెలియక అడిగాడు. నాక్కూడా తెలియదు. చెన్నైలో ఫైళ్ళు ఎందుకు ఆగుతాయో మా దాకా ఎవరూ చెప్పరు.

"ముదలాళి ఆడిలో కొత్తవాటి మీద చెయ్యి పెట్టరు గదా" అన్నారు దామోదరన్ మామూలుగా. "మన కొత్త షెడ్డు కూడా ఆవణిలోనే తెరిచినాం."

ఆ మాట అనేశాక ఆయనకే ఏదో తట్టినట్టుంది. పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. నాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేనూ అదే చేసినాను సార్. ఆయన ఆడి పోనీ అని ఆగినారు. నేను ఆడి రాకముందే అని తొందరపడినాను. ఆయన పెద్దోరు సార్, ఆయన ఆగితే అందురూ ఆగతారు. నేను ఆగితే కాలేజీ ఆగతాదా?"

మేనేజర్ నొచ్చుకుని లేచి వెళ్ళిపోతే ఆ పిల్ల చదువు ఆ గదిలోనే అయిపోతుంది. దామోదరన్ "పాక్క..." అని సగంలో ఆగారు.

"ముదలాళికి నేను రాస్తాను. కానీ ఇప్పుడు కూడా ఆడే. ఆవణి దాకా ఆయన సంతకం పెట్టరు."

తలుపు దగ్గర నుంచి సుగుణ గొంతు వినిపించింది. "శుక్రవారం లోపల కట్టకుంటే నా పేరు కొట్టేస్తారు సార్." ఏడవలేదు. నోటీసు చదివినట్టు చెప్పింది. నాకైతే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నాయుడు కూతురి వైపు చూసి, మేనేజర్ వైపు తిరిగాడు. "సార్, ఇది కొత్త పని కాదు గదా? పోయినేడు మొదలుపెట్టిందే. మొదలుపెట్టిన పని ఆడిలో జరిపితే ఏ దోషమూ లేదు. మా ఊర్లో సగం కట్టిన ఇంటికి ఆడిలో గోడలు లేపరా? మీ షెడ్డుకు ఆడిలో రేకులు ఎయ్యలేదా?"

వేశారు. నేను కళ్ళారా చూశాను.

దామోదరన్ అరటిపళ్ళను బల్ల చివరకు జరిపారు. తర్వాత, నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడని పని ఒకటి చేశారు. ఒక కార్మికురాలి కోసం మా ముందే ముదలాళికి ఫోన్ చేశారు. అవతలి మాటలు మాకు వినపడలేదు. ఇటు నుంచి ముక్కలు ముక్కలుగా: "అవును సార్... కుట్టు సెక్షన్... అన్నీ పాస్ సార్... తేదీ తప్పే సార్, కానీ ఆ తేదీకి కారణం మన సంతకమే... లేదు సార్, కొత్తది కాదు. పాతదే. పోయినేడుది." తర్వాత ఆయన లేచి నిలబడి విన్నారు.

ఫోన్ పెట్టేసి, నా వైపు చూసి, "ఫైలు మెయిల్లో పంపమన్నారు. ఈ ఒక్కసారికే" అన్నారు.

శుక్రవారం

సంతకం గురువారం వచ్చింది. డబ్బు శుక్రవారం మధ్యాహ్నానికి సుగుణ ఖాతాలో పడింది. ఆ మధ్యలో నేను అకౌంట్స్ గదికి ఎన్నిసార్లు వెళ్ళానో, వాళ్ళు నన్ను చూసి ఎన్నిసార్లు మొహం తిప్పుకున్నారో చెప్పను. సుగుణకు సగం రోజు సెలవు ఇప్పించి, నేనూ తనతో బస్సెక్కాను. నాకు అక్కడ పనేమీ లేదు, ఉండబట్టలేక వెళ్ళాను.

ఫీజు కౌంటరు దగ్గర మునస్వామి నాయుడు అప్పటికే ఉన్నాడు. పొద్దుటి నుంచి నిలబడ్డాడట. డబ్బు రాకపోవచ్చని తెలిసి కూడా వరస పట్టుకుని, తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళను ముందుకు పంపుతూ నిలబడ్డాడు. "రామ్మా, సీక్రం రా" అని కూతుర్ని చెయ్యి పట్టుకుని కిటికీ ముందుకు లాగాడు. అంత నడి ఆడిలో, ఏ ముహూర్తమూ చూడకుండా.

ఆ రూలు మార్చమని తర్వాత నేను ఏటా రాశాను. ఏటా పాక్కలాం అన్నారు. నేను రిటైరయ్యేనాటికి కూడా మారలేదు. చివరికి నేను చేయగలిగింది ఒక్కటే: దరఖాస్తులు ఏప్రిల్‌లో పుట్టే చిత్తిరై నెలలోనే తీసుకుని, ఆడికి ముందు నెల ఆని దాటేలోపు సంతకాలు అయ్యేదాకా దామోదరన్ గది గుమ్మం వదలకపోవడం. మీరూ అదే చేయండి. మీ దగ్గరికి వచ్చిన మనిషి ఇంట్లో ఏ నెల మంచిది, ఏ నెల కాదు అని అడగండి. మీ యజమాని ఇంట్లో కూడా ఏది కాదో కనుక్కోండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఆ సాయంత్రం కాలేజీ గేటు బయట టీ తాగాం. నాయుడు ఆవుల సంత గురించి మాట్లాడుతున్నాడు. ఫీజు కట్టేశాక మిగిలిందేమీ లేదు, కొనే స్తోమతూ లేదు, అయినా మాట్లాడుతున్నాడు. సుగుణ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. సంతోషంగా లేవా అని అడిగాను.

"ఉండాను మేడం. కాని ఒకటి చెప్పనా? పోయినేడంతా పుస్తకం తెరిస్తే మా ఆవే కనబడతా ఉండె. ఒక్కో పేజీ తిప్పితే పోతాదా, వొస్తాదా అని అదే. పాసయినాను గాని ఏం చదివినానో నాకే తెల్దు మేడం." టీ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు కింద పెట్టింది. "మొదటేడు పుస్తకాలు మళ్ళా తీస్తాను. అందులో ఏముండాదో చూడల్ల."